కణత్వచం మీద పరిశోధన పాడి రైతుకు ఎక్కడ పనికొస్తుంది?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "బయోటెక్నాలజీలో పీజీ చేస్తున్నాను. నా ప్రాజెక్టు కణత్వచం మీద. మాది పాడి కుటుంబం. ఈ చదువు మన ఆవులకు, గేదెలకు ఎలా పనికొస్తుందని ఇంట్లో అడిగితే సరైన జవాబు చెప్పలేకపోయాను. నిజంగా ఉపయోగం ఉందా, లేక పేపర్లు రాసుకోవడానికేనా?"

ఉపయోగం ఉంది, చాలా ఉంది. నేను పశువైద్యుడిగా ఊళ్లలో తిరిగాను, ఆ తర్వాత చాలాకాలం వీర్య కేంద్రం ల్యాబ్‌లో పనిచేశాను. రెండు చోట్లా చూసింది ఒకటే. ఎద సూది (కృత్రిమ గర్భధారణ) వేయించినా చూలు నిలవకపోవడం, దూడ పారుడు పట్టి చచ్చిపోవడం, ఈనిన మర్నాడే ఆవు కూలబడటం, ఇలా రైతు ఏటా డబ్బు పోగొట్టుకునే చోట్లలో చాలావరకు అసలు కథ నడిచేది కణం పైపొర, అంటే కణత్వచం దగ్గరే. ఈ పరిశోధనల ఫలితం తరచుగా ఖరీదైన యంత్రంగా రాదు, ఒక చిన్న పద్ధతిగా వస్తుంది. నీళ్లు ఇంత వెచ్చగా ఉండాలి, పంచదార బదులు గ్లూకోజ్ వాడాలి, జున్నుపాలు ఇన్ని గంటల్లోపు పట్టాలి, అంతే. కారణం తెలియని వాళ్లు ఆ పద్ధతిని వదిలేస్తారు. నష్టం అక్కడ మొదలవుతుంది.

పొర నిర్మాణం మీకు తెలిసిందే: రెండు వరసల ఫాస్ఫోలిపిడ్లు (ఒక రకం కొవ్వులు), వాటి మధ్య కొలెస్టరాల్, అక్కడక్కడ ప్రోటీన్లు. లోపలికి ఏ లవణం రావాలి, ఏ హార్మోన్ పనిచేయాలి, ఏ క్రిమి అతుక్కోగలదు, అన్నీ అక్కడే తేలతాయి. ఇక పశువు దగ్గరికి వద్దాం.

ముందు వీర్యం సంగతి. కణత్వచ పరిశోధన వల్ల పశుపోషణకు అన్నిటికంటే పెద్ద లాభం జరిగింది ఇక్కడే. లండన్‌లోని మిల్‌హిల్ పరిశోధన సంస్థలో క్రిస్టఫర్ పోల్జ్, ఆడ్రీ స్మిత్, అలన్ పార్క్స్ కలిసి కోడిపుంజు వీర్యాన్ని గడ్డకట్టించి నిల్వచేసే ప్రయత్నంలో ఉండేవారు. చక్కెర ద్రావణాలతో ఫలితం రాలేదు. ఒక సీసాలోని ద్రావణంతో మాత్రం కణాలు బతికి బయటపడ్డాయి. పరీక్ష చేయిస్తే అందులో చక్కెర లేదు, గ్లిసరాల్, ఆల్బుమిన్ ఉన్నాయి. లేబుల్ తారుమారైందన్నమాట. 1949లో వాళ్లు ప్రకటించిన ఆ గ్లిసరాలే ఈరోజు ఊళ్లో ఎద సూది వేసే మన గోపాలమిత్ర కంటైనర్‌లోంచి తీసే స్ట్రాలో, అంటే వీర్యం నింపిన సన్నటి గొట్టంలో ఉంది. 1951కల్లా గడ్డకట్టించిన వీర్యంతో దూడ కూడా పుట్టింది. కోళ్ల దగ్గర మాత్రం గ్లిసరాల్ గుడ్డు ఫలదీకరణకే అడ్డుపడుతుంది. అందుకే మొదట కోడిపుంజు వీర్యంతో బయటపడ్డ ఈ పద్ధతి కోళ్లకంటే పశువులకే ఎక్కువ అక్కరకొచ్చింది.

గ్లిసరాల్ ఒక్కటే సరిపోదు. శుక్రకణం పొరలో అసంతృప్త కొవ్వులు ఎక్కువ, కొలెస్టరాల్ తక్కువ. మనిషి, కుందేలు శుక్రకణాల పొరలో కొలెస్టరాల్ పాలు ఎక్కువ కాబట్టి అవి చలిని కొంత తట్టుకుంటాయి. ఆబోతు, దున్న శుక్రకణాలు అంతగా తట్టుకోలేవు. ఒంటి వేడి నుంచి 5 డిగ్రీల దాకా గబగబా చల్లబరిస్తే, చలికాలంలో సీసాలో నెయ్యి పూసపూసలుగా పేరుకున్నట్టు పొరలోని కొన్ని కొవ్వులు ముందు గట్టిపడతాయి, కొన్ని ఇంకా ద్రవంగానే ఉంటాయి. ఆ రెండిటి మధ్య సందుల్లోంచి కాల్షియం లోపలికి చొరబడుతుంది. దీన్నే కోల్డ్ షాక్ అంటారు. శుక్రకణం మామూలు కణంలా కొత్త ప్రోటీన్ తయారుచేసుకుని పొరను బాగుచేసుకోలేదు. చెడిందంటే చెడిందే.

అందుకే వీర్య కేంద్రంలో కోడిగుడ్డు పచ్చసొన కలుపుతారు, మెల్లగా 4-5 డిగ్రీలకు దించుతారు, కొన్ని గంటలు అక్కడే ఉంచుతారు, ఆ తర్వాతే నత్రజని ఆవిరిలోకి పంపుతారు. పచ్చసొన వాడకం 1939 నుంచి ఉంది, కానీ అది ఎలా పనిచేస్తుందో చాలాకాలం స్పష్టంగా తెలియదు. మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో పుట్టస్వామి మంజునాథ్ బృందం దీని గుట్టు విప్పింది. వీర్యద్రవంలో బీఎస్‌పీ అనే ప్రోటీన్లు ఉంటాయి. అవి శుక్రకణం పొరకు అతుక్కుని కొలెస్టరాల్‌ను, ఫాస్ఫోలిపిడ్లను లాగేస్తూ ఉంటాయి. పశువు గర్భాశయంలో అది అవసరమైన పనే, ఫలదీకరణకు కణాన్ని సిద్ధం చేస్తుంది. సీసాలో గంటల తరబడి అదే పని జరిగితే పొర పలచబడిపోతుంది. పచ్చసొనలోని ఎల్‌డీఎల్ అనే కొవ్వు రేణువులు ఈ ప్రోటీన్లను పట్టేసుకుంటాయి. ఈ సంగతి తేలాక పచ్చసొన బదులు ఏం వాడొచ్చో వెతకడానికి ఒక దారి దొరికింది. సోయా లెసిథిన్ ద్రావణాలు వాడుకలోకి వచ్చాయి. సైక్లోడెక్స్‌ట్రిన్ అనే, కొలెస్టరాల్‌ను మోసుకెళ్లే చక్కెర పదార్థం సాయంతో శుక్రకణం పొరలోకి ముందే కొలెస్టరాల్ ఎక్కించి, ఆ తర్వాత గడ్డకట్టించే ప్రయోగాలు ఆబోతు వీర్యంలో మంచి ఫలితాలిచ్చాయి.

ఇదంతా ల్యాబ్ సంగతి. రైతు ఇంటి ముందు జరిగేది ఇంకా ముఖ్యం. స్ట్రా మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉన్నంతకాలం భద్రంగానే ఉంటుంది. గండమంతా మధ్య ఉష్ణోగ్రతల్లో ఉంది. కంటైనర్ మూతి దగ్గరికి స్ట్రాలను ఎత్తి కావలసిన బుల్ నంబర్ కోసం వెతుకుతూ కూర్చుంటే, లోపలి సన్నటి మంచు పలుకులు కరిగి కలిసి పెద్దవవుతాయి. మళ్లీ కిందికి దించినా జరిగిన నష్టం పోదు. బయటికి తీసిన స్ట్రాను అరచేతుల మధ్య రుద్దినా, చొక్కా జేబులో వేసుకున్నా అదే జరుగుతుంది. 37 డిగ్రీల నీటిలో అర నిమిషం ముంచాలన్న నియమం పుట్టింది ఇందుకే. వేగంగా కరిగితే పలుకులు పెరిగే టైమ్ ఉండదు.

ఆ తర్వాత స్ట్రాను పొడిగా తుడవమంటారు. చాలామంది దీన్ని శుభ్రత కోసమే అనుకుంటారు. తుడవకుండా కత్తిరిస్తే ఒక నీటిచుక్క లోపలికి జారుతుంది. మంచినీటిలో లవణాలు తక్కువ కాబట్టి నీళ్లు పొరను దాటి శుక్రకణంలోకి దూసుకుపోతాయి, కణం ఉబ్బి పగులుతుంది. పావు మిల్లీలీటరు స్ట్రాలో ఒక్క చుక్క అంటే తక్కువేమీ కాదు.

ఇదే గుణాన్ని ల్యాబ్‌లో పరీక్షగా వాడుకుంటాం. ప్రాజెక్టుకు మీకూ పనికొస్తుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఫ్రక్టోజ్, సోడియం సిట్రేట్ కలిపి, మామూలు ద్రవంలో సగం గాఢత ఉండేలా, అంటే 150 మిల్లీఆస్మోల్ దగ్గర ద్రావణం చేస్తారు. అందులో కొద్దిగా వీర్యం వేసి 37 డిగ్రీల దగ్గర అరగంట నుంచి గంట ఉంచుతారు. మైక్రోస్కోప్ కింద 400 రెట్లలో చూస్తే, పొర చెక్కుచెదరని శుక్రకణాల తోకలు కొక్కెంలా వంకరపోయి, కొన్ని చుట్టచుట్టుకుని కనిపిస్తాయి. నీళ్లు లోపలికి వచ్చినా పొర పట్టి ఉంచింది కాబట్టి తోక ఉబ్బి ముడుచుకుంది. పొర చిరిగిన కణాల తోకలు నిటారుగానే ఉంటాయి. 200 కణాలు లెక్కపెడితే బుల్ సంగతి చాలావరకు తెలిసిపోతుంది.

మన దేశంలో స్ట్రాకు 2 కోట్ల శుక్రకణాలు ఉండాలి, కరిగించాక కనీసం 50 శాతం ముందుకు ఈదాలి. ఈదడం ఒక్కటే చాలదని నా గట్టి అభిప్రాయం. ఈదుతున్న కణాల్లోనూ కొన్నిటి పొర అప్పటికే సగం పాడై ఉంటుంది. గడ్డకట్టి కరిగిన శుక్రకణాలు గర్భాశయంలో ఎక్కువసేపు నిలవకపోవడానికి కారణం కూడా అదే. పొర ముందే మారిపోయి, గుడ్డు రాకముందే వాటి పని అయిపోతుంది. ఉదయం ఎదకు వస్తే సాయంత్రం, సాయంత్రం వస్తే మర్నాడు పొద్దున్నే సూది వేయించమని చెప్పేది అందుకే. వేసవిలో మూగ ఎదతో ఉండే ముర్రా గేదెకు ఈ లెక్క తప్పితే మళ్లీ 21 రోజులు ఆగాల్సిందే. తిరగపొర్లుతోందని గేదెను సంతలో అమ్మేసిన ఇళ్లు నాకు తెలుసు. అలా అమ్మేసిన కొన్ని గేదెల్లో ఏ లోపమూ లేదనే నా నమ్మకం.

ఆడ దూడలు పుట్టే సెక్స్‌డ్ సెమెన్ గురించి కూడా ఒక మాట. ఆవుల్లో ఎక్స్ శుక్రకణంలో డీఎన్‌ఏ వై కంటే సుమారు 3.8 శాతం ఎక్కువ. పొరను దాటి లోపలికి వెళ్లగలిగే ఒక రంగు డీఎన్‌ఏకు అతుక్కుంటే ఆ తేడాను లేజర్ పట్టుకుంటుంది. చెడిన పొరలోంచి మాత్రమే దూరగలిగే ఇంకో ఎర్ర రంగును కలిపి చచ్చిన కణాలను పక్కకు తప్పిస్తారు. ఈ విద్య మొత్తం ఏ రంగు పొరను దాటుతుంది, ఏది దాటదు అన్నదాని మీదే నిలబడింది.

ఇక దూడల పారుడు. మొదటి నాలుగైదు రోజుల్లో వచ్చే తెల్ల పారుడుకు ఎక్కువగా కారణమయ్యే ఈ.కోలై రకం కె99 అనే సన్నటి నూగుతో పేగు కణాల పొర మీది చక్కెర గుర్తులకు అతుక్కుంటుంది. దూడ పెరిగేకొద్దీ ఆ గుర్తులు తగ్గిపోతాయి. అందుకే ఈ రోగం పసిదూడలదే. అతుక్కున్నాక క్రిమి వదిలే విషం కణంలోని క్లోరైడ్ దారులను తెరిపిస్తుంది. ఉప్పు బయటికి పోతుంది, దాని వెంట నీళ్లూ పోతాయి.

అదే పొర మీద సోడియం, గ్లూకోజ్‌లను కలిపి లోపలికి తీసుకునే ప్రోటీన్ ఒకటి ఉంది. విషం దాన్ని ఏమీ చేయలేదు. రాబర్ట్ క్రేన్ 1960లో ప్రేగ్‌లో చెప్పింది ఈ జంట రవాణా గురించే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులకు కలరా వచ్చినప్పుడు బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లతో వేలమందిని కాపాడింది ఈ సూత్రంతోనే. దూడకూ అదే సూత్రం.

కానీ ఇక్కడ మన ఇళ్లలో ఒక పొరపాటు జరుగుతుంది. పిల్లలకు చేసినట్టే దూడకు కూడా పంచదార, ఉప్పు కలిపి పట్టిస్తారు, లేదంటే బెల్లం నీళ్లు. మనిషి పేగు పొర మీద సుక్రేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది పంచదారను విరిచి గ్లూకోజ్ చేస్తుంది. దూడ పేగులో ఆ ఎంజైమ్ లేదు. పంచదార అలాగే పేగులో ఉండిపోయి ఇంకాస్త నీళ్లను లాగుతుంది, పారుడు పెరుగుతుంది. ప్రేమగా పట్టిన బెల్లం నీళ్లే దూడకు చేటవుతాయి. కాబట్టి గ్లూకోజ్ పొడే కావాలి. దూడల కోసం చేసిన పొట్లాల్లో సోడియం కాస్త ఎక్కువగా, రక్తంలో పులుపు తగ్గించడానికి బైకార్బనేట్ లేదా ఎసిటేట్ ఉంటాయి, అవి మేలు. అవి దొరకనప్పుడు మందుల షాపులో దొరికే ఓఆర్‌ఎస్ పొడి పొట్లాన్ని లీటరు నీటిలో కలిపి పట్టించినా, ఏమీ ఇవ్వకపోవడం కంటే ఎంతో నయం. పండ్ల రుచి డ్రింకులు వద్దు. పాలు మాన్పించకండి, ఈ నీళ్లకూ పాలకూ మధ్య కొన్ని గంటల ఎడం ఉంచండి. కళ్లు లోతుకు పోయి, లేవలేక, చప్పరించలేక పడి ఉన్న దూడకు నోటి ద్వారా ఇచ్చేది చాలదు. వెంటనే డాక్టర్‌ని పిలిచి సెలైన్ పెట్టించాలి.

జున్నుపాల విషయంలోనూ గడియారం పొర చేతిలోనే ఉంది. ఆవు, గేదె మాయ నిర్మాణం వల్ల తల్లి రక్తంలోని రోగనిరోధక ప్రోటీన్లు కడుపులోని దూడకు చేరవు. పుట్టిన కొత్తలో దూడ పేగు కణాలు తమ పొరను లోపలికి మడిచి ఆ పెద్ద ప్రోటీన్లను యథాతథంగా మింగగలవు. గంట గంటకూ ఆ శక్తి తగ్గుతుంది, 24 గంటలకు దాదాపు ఆగిపోతుంది. మాయ పడేదాకా జున్నుపాలు పట్టకూడదని ఆగే అలవాటు ఇంకా చాలా ఊళ్లలో ఉంది. అది దూడ ప్రాణానికి ముప్పు. పుట్టిన గంట రెండు గంటల్లోనే మొదలుపెట్టి, బరువులో పదో వంతు జున్నుపాలు మొదటి కొన్ని గంటల్లో లోపలికి వెళ్లాలి.

హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవులున్న వాళ్లకు ఇంకో విషయం చెప్పాలి. తెల్ల రక్తకణాలు రక్తనాళం గోడకు అతుక్కుని బయటికి వెళ్లి క్రిములతో పోరాడటానికి పొర మీద సీడీ18 అనే ప్రోటీన్ కావాలి. హోల్‌స్టీన్ జాతిలో దాని జన్యువులో ఒక్క అక్షరం మారడం వల్ల 128వ స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లం బదులు గ్లైసీన్ వచ్చింది. అలాంటి దూడల రక్తంలో తెల్లకణాలు విపరీతంగా ఉంటాయి, కానీ ఒక్కటీ పుండు దగ్గరికి చేరదు. చిన్న చిన్న ఇన్‌ఫెక్షన్లకే చనిపోతాయి. జబ్బు పేరు బ్లాడ్ (BLAD). 1992లో అమెరికాలోని ఏమ్స్‌లో శాస్త్రవేత్తలు ఈ మార్పును గుర్తించి, అది ఆస్బోర్న్‌డేల్ ఐవన్‌హో అనే పేరున్న ఒక బుల్ వంశం నుంచి వ్యాపించిందని తేల్చారు. పాల దిగుబడి కోసం ఆ వంశం వీర్యాన్ని ప్రపంచమంతా వాడింది. ఒక సాధారణ రక్తపరీక్షతో ఇప్పుడు దాన్ని ఆపుతున్నాం. మన వీర్య కేంద్రాల్లో హెచ్‌ఎఫ్ బుల్‌ను తీసుకునే ముందు బ్లాడ్ పరీక్ష తప్పనిసరి. పొర మీది ఒక ప్రోటీన్‌ను అర్థం చేసుకోవడం వల్ల ఎన్ని దూడలు బతికాయో రైతుకు కనిపించదు. నా దృష్టిలో ఇది ఈ రంగం సాధించిన గొప్ప పనుల్లో ఒకటి.

ఈనిన మర్నాడే ఆవు కూలబడే పాలజ్వరం గురించి క్లుప్తంగా. ఈనగానే పాలలోకి కాల్షియం ఒక్కసారిగా పోతుంది. ఎముక నుంచి తెమ్మని చెప్పే హార్మోన్ విడుదలవుతూనే ఉంటుంది, కానీ పొటాషియం ఎక్కువున్న మేత తిని రక్తం క్షారగుణంలో ఉన్న ఆవులో పొర మీద హార్మోన్‌ను అందుకునే ప్రోటీన్ (రిసెప్టర్) ఆ హార్మోన్‌కు సరిగా స్పందించదు. చివరి మూడు వారాల్లో క్లోరైడ్, సల్ఫేట్ ఎక్కువుండే లవణాలు మేతలో కలిపి మూత్రం పీహెచ్‌ను 6 నుంచి 6.8 మధ్యకు దించే పద్ధతి ఇక్కడి నుంచే వచ్చింది. పెద్ద డెయిరీలకు ఇది బాగా పనికొస్తుంది. రెండు మూడు పశువులున్న ఇంట్లో పాటించడం కష్టం. అక్కడ డాక్టర్ సలహాతో చూడి చివరి రోజుల్లో మేత మార్చుకోవడం మేలు.

కోళ్ల ఫారాల వాళ్లకు మోనెన్సిన్, సాలినోమైసిన్ బాగా తెలిసిన పేర్లే. రక్త పారుడు రాకుండా దాణాలో కలుపుతారు. ఇవి సూక్ష్మజీవి పొరలో దూరి సోడియం, పొటాషియం అయాన్లను అటూ ఇటూ మోసేస్తాయి. జీవి ఆ లెక్కను సరిచేసుకోలేక శక్తి అంతా ఖర్చుపెట్టి చస్తుంది. ఆవు పొట్టలోనూ మోనెన్సిన్ కొన్ని బ్యాక్టీరియాను ఇలాగే తగ్గించి మేతను పొదుపు చేస్తుంది కాబట్టి చాలా దేశాల్లో పశువులకూ వాడారు. యూరోపియన్ యూనియన్ 2006 నుంచి ఎదుగుదల కోసం వాడటాన్ని నిషేధించింది. ఈ మందులకు క్రిమి పొర, గుండె కండరం పొర వేరని తెలియదు. ఆ దాణా గుర్రానికి పడితే కొద్ది మోతాదులోనే ప్రాణం తీస్తుంది. ఈ మందులున్న దాణా తింటున్న కోళ్లకు టయాములిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే లివర్ వాటిని వదిలించుకోలేక కాళ్లు పడిపోతాయి. దాణా సంచి మీద ఏముందో డాక్టర్‌కు చెప్పకుండా మందు మార్చకండి.

జన్యు సవరణ గురించి మీరు చదివే ఉంటారు. పందుల్లో ఈసుకుపోవడం, ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే పీఆర్‌ఆర్‌ఎస్ వైరస్ కణంలోకి ప్రవేశించడానికి సీడీ163 అనే పొర ప్రోటీన్ తప్పనిసరి అని తేలింది. మిస్సోరీ విశ్వవిద్యాలయం వాళ్లు దాన్ని తొలగించిన పందులకు ఆ రోగం సోకలేదు. ఎడిన్‌బరోలోని రోస్లిన్ సంస్థ ఆ ప్రోటీన్‌లో వైరస్‌కు అవసరమైన ఒక్క ముక్కను మాత్రమే తీసేసి అదే ఫలితం సాధించింది. 2025లో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇలాంటి పందులకు అనుమతిచ్చింది. అద్భుతమైన పని, సందేహం లేదు. కానీ మన రాష్ట్రాల పాడి రైతుకు ఈ పదేళ్లలో ఎక్కువ మేలు చేసేది ఇది కాదని నా అంచనా.

ప్రాజెక్టు ఎంపికలో నన్ను అడిగితే గేదె శుక్రకణాన్ని తీసుకోమంటాను. ఆబోతు మీద జరిగినంత పని దున్న మీద జరగలేదు, పైగా దాని పొర చలికి ఇంకా సున్నితం. హిసార్‌లోని కేంద్ర గేదెల పరిశోధన సంస్థలో, కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ (ఎన్‌డీఆర్‌ఐ)లో దీనిమీద పని జరుగుతోంది. తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య విశ్వవిద్యాలయాల్లో గైడ్ దొరికే అవకాశం ఉంది. నంద్యాల, విశాఖ, కరీంనగర్ వీర్య కేంద్రాల్లో ఏదో ఒకదానికి మీ విభాగం తరఫున లేఖ పెట్టించి, కొన్ని దున్నలను ఎంచుకుని, ఒక్కో దున్న నుంచి వేసవిలో తీసిన స్ట్రాలు, చలికాలంలో తీసినవి కొన్ని కొన్ని అడగండి. రెండిట్లోనూ ఈత శాతం, పైన చెప్పిన తోకల పరీక్ష, ఆక్రోసోమ్ (శుక్రకణం తల మీది టోపీ లాంటి భాగం) పరీక్ష పక్కపక్కన చేయండి. కణాలను ఒక్కొక్కటిగా లేజర్‌తో పరీక్షించే ఫ్లో సైటోమీటర్ లేకపోయినా మంచి ఫేజ్ కాంట్రాస్ట్ మైక్రోస్కోప్, వాటర్ బాత్, ఓపిక ఉంటే చాలు. ఈత శాతం ఒకేలా ఉండి తోకల లెక్కలో తేడా వచ్చే దున్నలు కనిపిస్తే, ఆ నంబర్లను కేంద్రం వాళ్లకు ఇవ్వండి. ఆ స్ట్రాలతో సూది వేసిన గేదెల్లో చూలు నిలిచినవెన్నో వాళ్ల దగ్గరున్న రికార్డులతో సరిచూడటం తర్వాతి మెట్టు.